కరువు కాలువ గట్టున వినబడిన మాట

ఇల్లిల్లూ తిరిగే రెండు విషయాలను గూర్చి ఈ దినం ధ్యానించుకుందాం. ఒకటి చింత, రెండవది భయం. మత్తయి సువార్త 6వ అధ్యాయం 25 నుండి 34 వరకున్న వచనాలు మీ బైబిలులో తెరచి ఉంచుకోండి. ఆకాశపక్షులను, అడవి పువ్వులను చూపించి, రేపటి భారాన్ని ఈ రోజే తలకెత్తుకోవద్దని ప్రభువు తన శిష్యులకు నేర్పించిన భాగమిది.

ఈ భాగం మీద మనం ఎన్నో ప్రసంగాలు విని ఉంటాము. ఈ రోజు మాత్రం దీనిని చరిత్రలో పెట్టి చూద్దాం. కడుపు నిండిన దినాన ఈ మాట ఎవరికైనా తియ్యగానే ఉంటుంది. గింజ లేని దినాన మన తెలుగు నేల మీద ఈ మాట ఎలా నిలబడింది? దానిని నమ్మినవారు ఏమి చేశారు? అది తెలుసుకోవడమే ఈ దినం మన ఉద్దేశం.

గోపాల్‌పేట, వనపర్తి, నాగర్‌కర్నూలు, గద్వాల ప్రాంతాలలో ఉండి ఈ మాటలు వింటున్నవారికి చింత అంటే ఏమిటో ఒకరు నేర్పనక్కరలేదు. నిజాం కాలంలో గోపాల్‌పేట, వనపర్తి, గద్వాల మూడూ సంస్థానాలే. ఒక ప్రక్క కృష్ణ, ఒక ప్రక్క తుంగభద్ర పారుతున్నా, చేను మాత్రం వాన కోసం ఆకాశం వైపు చూసే నేల ఇది. వాన తప్పితే గుంపు మేస్త్రీ దగ్గర ముందుగా నాలుగు రూకలు తీసుకొని, ముసలివారిని, పిల్లలను ఇంట విడిచి, దేశంలో ఎక్కడ ఆనకట్ట కడుతుంటే అక్కడికి పలుగు, పార, తట్ట పట్టుకొని పోవడం మన తాతల నాటి నుండి ఉన్నదే. పాలమూరు లేబర్ అనే పేరు అలాగే వచ్చింది. ఇప్పుడు కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు చాలా ఊళ్లకు చేరాయి. దేవునికి స్తోత్రం. అయినా అప్పు చింత, బోరు ఎండిన చింత, బిడ్డ పెండ్లి చింత, చదివిన కుమారునికి ఉద్యోగం రాలేదన్న చింత పోలేదు. 2020లో కరోనా వచ్చినప్పుడు పట్టణాల నుండి నడిచి వచ్చిన వలస కూలీలను చూశాము. చింత వేషం మార్చుకుంది గాని మన వాకిలి విడిచిపెట్టలేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. జాగ్రత్త వేరు, చింత వేరు. ఆదికాండము 41వ అధ్యాయంలో యోసేపు ఏడు సంవత్సరాలు ధాన్యం కూర్చాడు. అది జాగ్రత్త. దేవుడు దానిని మెచ్చుకున్నాడు. జాగ్రత్త మనిషిని లేపి పనికి పంపిస్తుంది. చింత మనిషిని మంచం మీద పడుకోనివ్వదు, లేచి పని చేయనివ్వదు. ప్రభువు వద్దన్నది ఈ రెండవదానినే.

సువార్త వచ్చిన దారి

మన పాలమూరుకు సువార్త ఏ దారిన వచ్చిందో వెనుదిరిగి చూస్తే, ఆ దారి మనలను ఒంగోలుకు తీసుకొనిపోతుంది. 1880లలో ఎల్బర్ట్ చూట్ దొరగారు పాలమూరులో పరిచర్య ఆరంభించారు. ఆయన అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్‌కు చెందినవారు. నెల్లూరు, ఒంగోలులో వేరు తన్నిన మిషన్ అదే. కాబట్టి ఒంగోలు కథ పరాయి కథ కాదు, మన ఇంటి పెద్దల కథ.

ఆ మిషన్ మొదలే భయంతో నడిచింది. శామ్యూల్ డే దొరగారు 1836లో ఈ దేశానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్లు గడిచినా విశ్వాసులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. 1853లో అమెరికాలోని మిషన్ పెద్దలు ఈ పనిని మూసివేయాలా అని చర్చించారు. ఖర్చు కనబడుతున్నది, ఫలం కనబడలేదు. అలాంటి వేళ 1854 జనవరి 1న తెల్లవారుజామున ఐదుగురు మనుష్యులు ఒంగోలు కొండ ఎక్కారు. లైమన్ జూవెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఆ ముగ్గురిలో ఇద్దరు స్త్రీలు. సూర్యోదయాన మోకరించి, ఈ ఊరికి ఒక సేవకుని పంపించు ప్రభువా అని వారు ప్రార్థించారు. తరువాత ఆ కొండకు ప్రార్థన కొండ అనే పేరు నిలిచింది.

ప్రార్థనకు జవాబు మరునాడు రాలేదు. పన్నెండు సంవత్సరాలు పట్టింది. జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు 1865లో ఇండియాకు వచ్చి, 1866లో ఒంగోలులో కాపురం పెట్టారు. ప్రియులారా, ఆ పన్నెండు సంవత్సరాలను మరచిపోకండి. ప్రార్థించిన వెంటనే భయం పోవాలని మనం ఆశిస్తాము. కొండ దిగి వచ్చిన ఆ ఐదుగురికి పరిస్థితి మారలేదు. మూసివేస్తారేమోనన్న భయం అలాగే ఉంది. మారినది ఒక్కటే. ఆ భారం ఇప్పుడు వారి చేతిలో లేదు, దేవుని చేతిలో ఉంది.

మనుష్యుల భయం

తాళ్లకొండపాడు గ్రామానికి చెందిన యర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ల వ్యాపారం చేసుకొనే మాదిగ కులస్థుడు. ఆత్మ విషయాలలో ఎంతో ఆసక్తి గలవాడు. వ్యాపారం మీద తిరుగుతూ సువార్త విని, 1866లో తన భార్య నాగమ్మగారితో కూడ బాప్తిస్మం పొందాడు. 1867 జనవరి 1న ఒంగోలులో సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. పల్లెల్లో సువార్తను ఇంటింటికీ మోసినవారు పేరయ్యగారు, ఆయనవంటివారే.

క్రొత్తగా నమ్మినవారికి క్లౌ దొరగారు మూడు కట్టుబాట్లు చెప్పేవారు. ఆదివారం పని మానాలి, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మ్రొక్కకూడదు. వినడానికి ఇవి చిన్న మాటలు. ఊరి కట్టుబాటులో ఇవి పెద్ద తిరుగుబాటు. జాతరలో డప్పు కొట్టమని పిలిస్తే మాదిగవాడు రానన్నాడు. ఆదివారం వెట్టికి రమ్మంటే రేపు వస్తానన్నాడు. దాని ఫలితం అనుభవించక తప్పలేదు. కొన్ని ఊళ్లలో పని ఇవ్వలేదు, కొన్నిచోట్ల నీళ్లకు అడ్డుపడ్డారు, కొన్నిచోట్ల దెబ్బలు తిన్నారు.

తరతరాలుగా ఊరి పెద్దల యెదుట వంగి నిలబడినవారికి ఈ ధైర్యం ఎక్కడ నుండి వచ్చింది? నీవు నా బిడ్డవు అని ఒకరు పిలిచారు. ఆ పిలిచినవాడు ఊరి పెద్దలకంటె పెద్దవాడు. పిచ్చుకలను లెక్కపెట్టే తండ్రి మనలను మరువడని మత్తయి 10వ అధ్యాయంలో ప్రభువు చెప్పినది, మనుష్యుల భయం ముందున్న శిష్యులకే గదా! విశ్వాసం వారికి నడుము నిలబెట్టి నిలుచోవడం నేర్పింది. ఇది ఆత్మలో జరిగిన కార్యం, సంఘంలో కనబడిన కార్యం కూడా. ఆ దినాలలో వేలాదిమంది క్రీస్తు వైపు రావడానికి మానమర్యాదల మీద ఆశ కూడా కారణమని చరిత్రకారులు అంటారు. ఆ మాటకు మనం సిగ్గుపడనక్కరలేదు. మనిషికి మర్యాద నిచ్చేవాడే మన దేవుడు.

ధాత కరువు

1876లో వానలు తప్పాయి. 1877లో మరల తప్పాయి. మద్రాసు రాష్ట్రం, మైసూరు, బొంబాయి, మన హైదరాబాదు రాజ్యం, అన్నీ ఎండిపోయాయి. అది ధాత నామ సంవత్సరం కాబట్టి మన పెద్దలు దానిని ధాత కరువు అన్నారు. ఆ కరువులోను, దాని వెంట వచ్చిన రోగాలలోను చనిపోయినవారు యాభై లక్షలకు తక్కువ కాదని అంచనా. సర్కారు కరువు పనుల మీద 1877లో ఒక దశలో మగ కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా మాత్రమే కూలిగా కట్టారు. మట్టి త్రవ్వే మనిషికి అది ఏ మూలకు? సర్కారు వైద్యాధికారులే దానికి అభ్యంతరం చెప్పారు.

ఆ సమయంలో ఒంగోలు బంగళా ముందు ఆకలిగొన్నవారు గుంపులు గుంపులుగా చేరారు. క్లౌ దొరగారు వారికి ఒక వచనం చదివి వినిపించి పంపివేయలేదు. సముద్రం ఒడ్డు వెంబడి సర్కారువారు బకింగ్‌హాం కాలువ త్రవ్విస్తున్నారు. పడుచుతనంలో అమెరికాలో భూమి సర్వే పని చేసిన అనుభవం ఆయనకు ఉంది. ఆ కాలువలో మూడు మైళ్లకు పైగా భాగాన్ని ఆయన కంట్రాక్టుకు తీసుకున్నారు. లాభం కోసం కాదు, ఆకలితో ఉన్నవారికి పని దొరకాలని, కూలి సరిగా చేతికి అందాలని. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, ఒక్కొక్కరికి ఒక్కొక్క గుంపు అప్పగించారు.

పాలమూరు బిడ్డలారా, ఈ దృశ్యం మీకు క్రొత్త కాదు. పలుగు, పార, నెత్తిన తట్ట. ఎముకలు తేలిన స్త్రీలు, పురుషులు మట్టి మోస్తున్నారు. కూలీల గుడిసెల్లో కలరా పడింది. ఈ రోజు ప్రక్కన మట్టి ఎత్తినవాడు రేపు ఉంటాడో లేడో తెలియదు. అలాంటి చోట, పనికి విరామం ఇచ్చిన వేళ బోధకులు వారి మధ్య కూర్చొని యేసుప్రభువును గూర్చి చెప్పేవారు. మత్తయి 11వ అధ్యాయం 28వ వచనాన్నే మరల మరల చెప్పేవారు. కష్టపడి బరువు మోస్తున్న వారందరినీ విశ్రాంతికి పిలిచిన ప్రభువు మాట అది.

ఆలోచించండి. నెత్తిన బరువుతోనే ఆ మాట విన్నారు వారు. బరువు అంటే ఏమిటో బోధకుడు వివరించనక్కరలేకపోయింది. అయితే ఆ మాట చెప్పినవాడు వారికి ఆ సాయంకాలం కూలి కూడా లెక్కపెట్టి ఇచ్చాడు. అందుచేతనే ఆ మాట వారికి నిజమని తోచింది. వస్త్రం లేనివానితో, తిండి లేనివానితో సమాధానముగా వెళ్లుమని ఉత్త మాట చెప్పి పంపితే ఏమి ప్రయోజనమని యాకోబు తన పత్రిక 2వ అధ్యాయంలో అడిగాడు. ఆకలితో ఉన్న సహోదరునితో చింతపడవద్దు అని చెప్పే హక్కు, అతని తట్టకు ఒక చెయ్యి వేసినవానికే ఉంటుంది.

పదిహేను నెలలు

ఇప్పుడు ఈ చరిత్రలో మనం ఎక్కువగా గమనించవలసిన సంగతి. కాలువ పనిలో విన్న వాక్యం చేత వేలమంది కదిలారు. బాప్తిస్మం ఇవ్వండి అని అడిగారు. లెక్కలు చూపించి స్వదేశానికి గొప్పగా ఉత్తరాలు వ్రాసుకోవడానికి అంతకన్న మంచి సమయం ఉంటుందా? కాని క్లౌ దొరగారు ఇవ్వలేదు. ఒకటి కాదు, రెండు కాదు, దాదాపు పదిహేను నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం చేతిలో పెట్టుకొని విశ్వాసం అడగడం తగదనుకున్నారు. చావు భయంతో వచ్చేవానిని చేర్చుకుంటే, భయం తీరిన దినాన వాడు వెళ్లిపోతాడు. వాడు ఉన్నా, వాని లోపల భయమే ఉంటుంది గాని ప్రభువు ఉండడు.

1878 వచ్చింది. వానలు కురిశాయి, కరువు పనులు ముగిశాయి. ఇక సహాయంగా ఇవ్వడానికి డబ్బు లేదు, మీరు మీ ఊళ్లకు వెళ్లండి అని దొరగారు తెలియజేశారు. అయినా జనం వచ్చారు. మాకు డబ్బు అక్కరలేదు, మా రెక్కల మీద మేము బ్రతుకుతాము, బాప్తిస్మం మాత్రం ఇవ్వండి అన్నారు. ఇక కాదనడానికి ఆయనకు కారణం మిగలలేదు.

ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ నది ఒడ్డున వెల్లంపల్లి దగ్గర వారు సమకూడారు. బోధకులు ఒక్కొక్కరిని విచారించారు. 1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తం మూడు దినాలలో 3,536 మంది బాప్తిస్మం పొందారు. అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరేసి చొప్పున నీటిలో నిలబడి, వంతులవారీగా ఇచ్చారు. క్లౌ దొరగారు ఒక్కరికి కూడ స్వయంగా ఇవ్వలేదు, గట్టున ఉండి క్రమం చూసుకున్నారు. ఆ సంవత్సరం ముగిసేసరికి ఆ సంఖ్య 9,606కు చేరింది. ఐదుగురు కొండ ఎక్కిన దినానికి, ఈ దినానికి మధ్య ఇరవై నాలుగు సంవత్సరాలు.

ఆ సంఖ్యలను మనం గొప్పగా చెప్పుకుంటాము. నాకైతే ఆ పదిహేను నెలలే ఎక్కువ ధైర్యాన్నిస్తాయి. ఈ దినాలలో మన మధ్య భయాన్ని పెట్టుబడిగా పెట్టి విశ్వాసాన్ని అమ్మే మాటలు వినబడుతుంటాయి. ఈ ప్రార్థన చేయించుకోకపోతే కీడు వస్తుంది, ఈ కానుక ఇవ్వకపోతే రోగం పోదు అనే మాటలవి. ప్రియులారా, అది గుండ్లకమ్మ ఒడ్డున మన పెద్దలు నేర్చుకున్న సువార్త కాదు. భయపెట్టి పిలిచేది మన కాపరి స్వరం కాదు. మొదటి యోహాను 4వ అధ్యాయం 18వ వచనం చదవండి. పరిపూర్ణమైన ప్రేమ ఉన్నచోట భయానికి చోటు లేదని అపొస్తలుడు అక్కడ బోధిస్తున్నాడు.

పాలమూరుకు వచ్చిన డాక్టరమ్మ

ఇక మన ప్రాంతానికి వద్దాం. మనం ఎం.బి. సంఘమని పిలుచుకొనే మెన్నొనైట్ బ్రదరెన్ వారి చరిత్ర కూడా భయం నడిపించిన చరిత్రే. ఆయుధం పట్టమన్న విశ్వాసం నిమిత్తం వారి పితరులు ఒక దేశం నుండి మరొక దేశానికి తరలిపోతూ వచ్చారు. రష్యాలో స్థిరపడ్డాక 1874లో అక్కడ నిర్బంధ సైనిక సేవా చట్టం వచ్చింది. ఆ దశాబ్దంలో వేలాదిమంది పొలాలు, ఇళ్లు అమ్ముకొని అమెరికా చేరారు. అలా వెళ్లినవారి సంతతి నుండే మన తెలంగాణకు సేవకులు వచ్చారు. డేనియల్ బెర్గ్‌తోల్డ్ దొరగారు 1904లో వచ్చి, ఆ తరువాత నాగర్‌కర్నూలులో మిషన్ కేంద్రాన్ని స్థాపించారు. అనంతరం వనపర్తి, కల్వకుర్తి మొదలైన చోట్ల పని విస్తరించింది. 1937లో పాలమూరు, గద్వాల కేంద్రాలు కూడా బాప్టిస్టుల నుండి వారి చేతికి వచ్చాయి.

వారిలో డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్‌గారిని తలంచుకోవాలి. 1870లో రష్యాలో పుట్టి, చిన్నతనంలోనే తల్లిదండ్రులతో అమెరికాకు వలస వెళ్లిన బిడ్డ ఆమె. వైద్యం చదివి, 1907లో ఒంటరిగా ఈ దేశానికి వచ్చారు. నాగర్‌కర్నూలు, దేవరకొండ, శంషాబాద్ మొదలైన చోట్ల సేవ చేసి, 1945 జనవరిలో శంషాబాద్‌లోనే ప్రభువునందు నిద్రించారు. ఆ కాలంలో కలరా, ప్లేగు, మశూచి పేరు వింటే ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యేవి. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లూయెంజా మన దేశంలో కోటిమందికి పైగా ప్రాణాలు తీసింది. వలస, భయం అంటే ఏమిటో తన ఇంటివారి బ్రతుకులో చూసిన స్త్రీ, మన తల్లుల భయానికి మందుసంచి పట్టుకొని వచ్చింది. ప్రార్థన చేసింది, మందు ఇచ్చింది. ఆ రెంటికీ మధ్య ఆమెకు తగవు కనబడలేదు. 1950ల తొలినాళ్లలో జడ్చర్లలో వెలసిన మిషన్ ఆసుపత్రి ఆ త్రోవలోనే నిలిచింది.

మనకు వచ్చే పాఠం

ఈ చరిత్ర నుండి మూడు సంగతులు మూట కట్టుకుందాం.

మొదటిది, విశ్వాసి దగ్గరకు కరువు రాదని దేవుడు వాగ్దానం చేయలేదు. ధాత కరువులో విశ్వాసులూ చనిపోయారు. కాలువ గుడిసెల్లో కలరా ఎవరి కులం, ఎవరి మతం అడగలేదు. ఏ దినం కీడు ఆ దినానికి ఉంటుందని ప్రభువే ఒప్పుకున్నాడు. అయితే ఆ దినాన్ని నీతో కూడా నడిచేవాడు ఒకడున్నాడు. ఫిలిప్పీయులకు నాలుగవ అధ్యాయంలో దేనికీ చింతపడవద్దని వ్రాసిన పౌలు, బంధకాలలో ఉండి వ్రాశాడు. తలుపు తెరుచుకోకముందే అతనికి సమాధానం దొరికింది.

రెండవది, భారాన్ని ఒంటరిగా మోయకూడదు. కొండ ఎక్కినవారు ఐదుగురు, ఒక్కరు కాదు. అప్పు సంగతి భార్యకు చెప్పక, రాత్రులు నిద్ర లేక, చివరకు పురుగుమందు డబ్బా వైపు చూసిన రైతులను గూర్చి మనం విన్నాము. సహోదరుడా, అలాంటి తలంపు నీకు వస్తుంటే ఈ రోజే ఒకరికి చెప్పు. నీ ఇంటివారికి చెప్పు, నీ సంఘ కాపరికి చెప్పు, వైద్యుని దగ్గరకు వెళ్లు. సర్కారువారి టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే మాట్లాడేవారున్నారు. వైద్యుని దగ్గరకు వెళ్లడం అవిశ్వాసం కాదు. షెల్లెన్‌బర్గ్ డాక్టరమ్మను పంపిన దేవుడే ఈనాటి వైద్యులనూ ఇచ్చాడు.

మూడవది సంఘానికి. మన సంఘంలో విధవరాలు, వలస వెళ్లినవారి పిల్లలు, అప్పులో ఉన్న రైతు ఆదివారం వచ్చి వెనుక వరుసలో కూర్చొని వెళ్లిపోతుంటారు. వారితో చింతపడవద్దు అని చెప్పేముందు, వారి తట్టలో ఏమున్నదో అడుగుదాం. ఒక బిడ్డ ఫీజు కావచ్చు, ఒక నెల బియ్యం కావచ్చు, బ్యాంకు దగ్గరకు తోడు వెళ్లడం కావచ్చు. అది చేసి, ఏమీ తిరిగి అడగకుండా ఉందాం. మన పెద్దలు పదిహేను నెలలు ఆగారు గదా!

ప్రార్థన చేసుకుందాం. ప్రేమగల పరలోకపు తండ్రీ, ధాత కరువులో మా పితరుల చెయ్యి విడువని దేవా, ఈ మాటలు వింటున్న ప్రతివారి నెత్తిన ఉన్న బరువు నీకు తెలుసు. రేపటిని నీ చేతికి అప్పగిస్తున్నాము. ఈ దినానికి కావలసిన బలం మాకు దయచేయుము. మా ప్రక్కన బరువు మోస్తున్నవారిని చూచే కన్నులు మాకిమ్ము. యేసుక్రీస్తు నామములో వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.